ఆపరేషన్‌కు ముందు బీపీ ఎక్కువన్నారు: నల్గొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఫిట్‌నెస్ పరీక్షలపై సమీక్ష

నల్గొండలో ఆపరేషన్ చేయించుకోదలచినవారు సర్జన్ హస్తవాసి ఎలాంటిది, ఖర్చెంత అవుతుంది, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అని నలుగురినీ విచారిస్తారు గానీ, ఆపరేషన్‌కు ముందు ఫిట్‌నెస్ ఎలా చూస్తారని అడిగేవారు చాలా తక్కువ. ఆపరేషన్ అనుకున్న తేదీకి జరుగుతుందా, నెల రోజులు వెనక్కి పోతుందా అన్నది మాత్రం చాలాసార్లు ఆ ఫిట్‌నెస్ గదిలోనే తేలుతుంది. మా నాన్నకు గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ కోసం పట్టణంలోని ఒక మధ్యతరహా ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ గదిలో మాకు ఎదురైన అనుభవంపై ఈ సమీక్ష రాస్తున్నాను. ఆసుపత్రి పేరు రాయడం లేదు. అక్కడ బీపీ చూసిన తీరు, దానిపై మేము అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు మాత్రమే ఇక్కడి విషయం.

ముందు మంచి సంగతులు చెప్పాలి. సర్జన్ ఓపికగా మాట్లాడే మనిషి. హెర్నియా అంటే ఏమిటో, పేగు జారే చోట మెష్ అనే వల ఎందుకు అమరుస్తారో కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. వెన్నుకు మత్తు సూది ఇస్తారని, మెలకువగానే ఉంటారని నాన్నకు ముందే చెప్పారు. రక్తపరీక్షలు, ఈసీజీ, ఎక్స్‌రే అన్నీ ఒకే అంతస్తులో ఉన్నాయి. రిపోర్టులు అదే రోజు చేతికి వచ్చాయి. వయసు మళ్లినవారిని మెట్లు ఎక్కించి దింపకుండా ఈ ఏర్పాటు చేసినందుకు యాజమాన్యాన్ని మెచ్చుకోవాలి.

చిక్కంతా బీపీ దగ్గర వచ్చింది. మా నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి విరమించారు. భారీ మనిషి, దండచేతులు లావు. మునుగోడు వైపు మా ఊరి నుంచి పొద్దున్నే పరగడుపున బస్సులో బయలుదేరి వచ్చారు. ప్రోస్టేట్ కూడా చూడాలని అల్ట్రాసౌండ్ రాశారు కనుక, దానికోసం సీసాల కొద్దీ నీళ్లు తాగించి, పిలిచేదాకా మూత్రం ఆపుకొమ్మన్నారు. ఆ వరుసలో ఉన్నప్పుడే ఒక నర్సు చక్రాల బల్ల మీద డిజిటల్ మిషన్ తోసుకుంటూ వచ్చి, వీపు ఆనని స్టూలు మీద కూర్చున్న మనిషికి అంగీ చేతుల మీదుగానే పట్టీ చుట్టి, ఊరేది, వయసెంత, షుగర్ ఉందా అని అడుగుతూనే బటన్ నొక్కింది. నాన్న కూడా జవాబు చెబుతూనే ఉన్నారు. మిషన్ 176/102 చూపించింది. నర్సు ఆ అంకెను ఎర్ర పెన్నుతో కేస్ షీట్‌లో రాసి, చుట్టూ సున్నా చుట్టి వెళ్లిపోయింది.

ఫిట్‌నెస్ ఇవ్వవలసిన ఫిజీషియన్ ఆ కాగితం చూసి, పెద్దగా ఆలోచించకుండానే తీర్పు చెప్పారు. "బీపీ ఇంత ఉంటే మత్తు ఇవ్వరు. నెల రోజులు గోలీలు వాడి రండి." నాన్నకు కోపం వచ్చింది. "నాకు బీపీ గీపీ ఎన్నడు లేదు సారూ, సర్వీసులున్నన్ని రోజులు మెడికల్ పాసైన" అన్నారు. నేను మాత్రం ఇంకో మాట అడిగాను. "సార్, మూత్రం ఆపుకుని ఉన్నప్పుడు చూసిన బీపీ ఇది. ఒకసారి పోసి వచ్చి, కొద్దిసేపు కూర్చున్నాక మీరే చూస్తారా?" ఆయన ముఖం మాడ్చుకుని, "మళ్లీ చూస్తే తగ్గుతుందా?" అన్నారు.

తగ్గుతుంది. చూసే పద్ధతి మారితే అంకె మారుతుందన్నది వైద్యశాస్త్రం ఒప్పుకున్న సంగతే. బీపీ చూసే ముందు మూత్రాశయం ఖాళీగా ఉండాలి. అరగంట ముందు నుంచి చాయ్, కాఫీ, బీడీ, సిగరెట్ ముట్టకూడదు. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా, కనీసం అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఆనించాలి. పట్టీ బట్టల మీద కాకుండా చర్మం మీద చుట్టాలి. ఒక్కసారి కాక, నిమిషం వ్యవధి ఇచ్చి రెండుసార్లు చూసి సగటు తీయాలి. నిండిన మూత్రాశయం, మాట్లాడుతూ ఉండటం, ఆధారం లేని చెయ్యి, వీటిలో ఒక్కొక్కటీ పై సంఖ్యను సుమారు 10 పాయింట్ల వరకు పెంచగలదు. 2024లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు చెయ్యిని బల్ల మీద, ఒడిలో, పక్కకు వేలాడేసి పోల్చి చూశారు. బల్ల మీద పెట్టినప్పటితో పోలిస్తే పై సంఖ్య ఒడిలో దాదాపు 4, వేలాడేస్తే 6.5 పాయింట్లు ఎక్కువగా వచ్చింది. ఆ రోజు నాన్న చెయ్యి ఒడిలోనే ఉంది.

వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచింది పట్టీ కొలత. పట్టీ అంచు మీద అది ఎంత చుట్టుకొలత చేతికి సరిపోతుందో అచ్చు వేసి ఉంటుంది. ఆ మిషన్ పట్టీ మీద 22 నుంచి 32 సెంటీమీటర్లని ఉంది. నాన్న దండచేతి చుట్టుకొలత 35. చిన్న పట్టీతో లావు చేతిని కొలిస్తే బీపీ ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. 2023లో వెలువడిన మరో అధ్యయనంలో, పెద్ద పట్టీ కావలసినవారికి మామూలు పట్టీ వాడితే పై సంఖ్య సగటున 5 పాయింట్లు, అంతకంటే పెద్దది కావలసినవారికి దాదాపు 20 పాయింట్లు ఎక్కువగా తేలింది. లక్షల రూపాయలు పెట్టి లాప్రోస్కోపీ యంత్రం తెచ్చుకున్న ఆసుపత్రిలో ఓపీకి పెద్ద పట్టీ ఒక్కటి లేదంటే ఏమనాలి!

ఫిజీషియన్ తాను తిరిగి చూడలేదు గానీ, మా మాటను కొట్టిపారేయకుండా మమ్మల్ని మత్తు డాక్టరు దగ్గరకు పంపించారు. ఈ ఆసుపత్రికి నేను ఇచ్చే మంచి మార్కులలో సగం ఆ మత్తు డాక్టరమ్మకే చెందుతాయి. ముందు నాన్నను బాత్‌రూమ్‌కు పంపారు. వచ్చాక ఆనుడు ఉన్న కుర్చీలో కూర్చోబెట్టి, "పెద్దాయనా, కాసేపు మాట్లాడకుండ కూసోండ్రి" అని చెప్పి, తన పని తాను చూసుకున్నారు. ఆ తరువాత థియేటర్ నుంచి పెద్ద పట్టీ తెప్పించి, అంగీ చెయ్యి తీయించి, చేతి పంపుతో గాలి కొడుతూ స్టెతస్కోప్‌తో విన్నారు. 1905లో కోరోట్కోవ్ అనే రష్యన్ వైద్యుడు చెప్పిన శబ్దాల పద్ధతి ఇదే. ఆయన స్వయంగా సర్జన్ కావడం విశేషం. రెండు చేతులకూ చూశారు. కుడి చేతికి 154/90, ఎడమ చేతికి 150/88 వచ్చింది. ఇలాంటప్పుడు ఎక్కువ ఉన్న చేతినే లెక్కలోకి తీసుకుంటారు.

ఆ అంకెతో ఆపరేషన్ ఆపవలసిన పని లేదని ఆమె చెప్పారు. నిజానికి మొదట వచ్చిన 176/102తో కూడా, అది సరిగ్గా కొలిచిన అంకే అయినప్పటికీ, తప్పనిసరిగా ఆపాలన్న నియమం లేదు. బ్రిటన్‌లోని మత్తు వైద్యుల సంఘం, అక్కడి హైపర్‌టెన్షన్ సొసైటీ కలిసి 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ముందుగా నిర్ణయించుకున్న ఆపరేషన్‌కు వచ్చిన మనిషికి గడచిన 12 నెలల్లో తన మామూలు డాక్టరు దగ్గర 160/100 కంటే తక్కువ బీపీ నమోదై ఉంటే చాలు. అలాంటి నమోదు ఏదీ లేకపోతే, ఆసుపత్రిలో చూసిన బీపీ 180/110 కంటే తక్కువ ఉంటే ముందుకు పోవచ్చు. అమెరికా గుండె వైద్య సంఘాల 2017 మార్గదర్శకాలు కూడా 180 లేదా 110 చేరినప్పుడే వాయిదా గురించి ఆలోచించవచ్చని అన్నాయి. మనిషికి బీపీ జబ్బు ఉందని చెప్పే హద్దు వేరు, ఆపరేషన్ ఆపే హద్దు వేరు. మా ఫిజీషియన్ ఈ రెంటినీ ఒకే గాటన కట్టారు.

అలాగని బీపీని మత్తు వైద్యులు పట్టించుకోనక్కరలేదని కాదు. వెన్నుకు మత్తు ఇచ్చినప్పుడు నడుము కింది రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది. పూర్తి మత్తులో గొంతులోకి గొట్టం వేసేటప్పుడు ఒక్కసారిగా పెరిగి, ఆ ముందూ వెనకా తగ్గుతుంది. ఏళ్ల తరబడి ఎక్కువ బీపీకి అలవాటుపడిన మెదడుకు, మూత్రపిండాలకు ఆ పతనం మామూలు మనిషికంటే ఎక్కువ చేటు చేస్తుంది. అందుకే ఆమె అంకెతో ఆగకుండా ఈసీజీలో గుండె గోడ మందమైన ఛాయలు ఉన్నాయా, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత, మూత్రంలో ప్రోటీన్ పోతోందా అని చూశారు. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుందా, ఛాతీలో పట్టేస్తుందా అని నాన్నను అడిగారు. అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఫిట్‌నెస్ చూడటమంటే ఇదీ అని అప్పుడనిపించింది.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. మేము ఫిజీషియన్ గదిలో నుంచి బయటికి రాగానే, బెంచీ మీద ఉన్న ఒకాయన, "గింతదానికి ఫికర్ ఎందుకు, నాలుక కింద ఒక గోలీ పెడితే పది నిమిషాలల్ల దిగుతది, మెడికల్ షాపుల ఇస్తరు" అని సలహా ఇచ్చాడు. మంచి మనసుతోనే చెప్పాడు. మత్తు డాక్టరమ్మతో ఆ మాట అంటే ఆమె ససేమిరా అన్నారు. నిఫెడిపిన్ అనే బీపీ మందు క్యాప్సూల్‌ను చీల్చి నాలుక కింద పెట్టి బీపీని గబగబా దించే పద్ధతిని వైద్యలోకం ఎప్పుడో తప్పుపట్టింది. అలా ఒక్కసారిగా దిగితే మెదడుకు, గుండెకు రక్తం చాలక పక్షవాతమో గుండెపోటో రావచ్చు. కాగితం మీద అంకె అందంగా కనిపించడం కోసం మనిషిని ప్రమాదంలోకి నెట్టకూడదు.

ఇక నాన్న మాట. "నాకు బీపీ లేదు" అన్నది నిజం కాదని కూడా ఆమెనే తేల్చి చెప్పారు. 154/90 అంటే 140/90 హద్దు దాటినట్టే. తెల్ల కోటు చూస్తే పెరిగే బీపీ కావచ్చు, నిజంగానే ఉన్నది కావచ్చు; అది తేలాలంటే ఇంట్లో చూడాలి. పొద్దున, సాయంత్రం రెండేసి సార్లు, వారం పాటు చూసి, మొదటి రోజు అంకెలు వదిలేసి, మిగతావాటికి సగటు కట్టమన్నారు. ఇంట్లో సగటు 135/85 లేదా అంతకంటే ఎక్కువ వస్తే బీపీ ఉన్నట్టే లెక్క. మేము పెద్ద పట్టీతో వచ్చే దండచేతి మిషన్ కొన్నాం. మణికట్టుకు చుట్టే మిషన్లు చవకగా, సులువుగా ఉంటాయి గానీ, చెయ్యి కొంచెం కిందికి ఉన్నా అంకె మారుతుంది కనుక వాటిని తీసుకోలేదు. ఇంట్లో సగటు 146/86 వచ్చింది. అంటే ఆపరేషన్ ఆపేంత బీపీ లేదు, మందు వాడవలసినంత మాత్రం ఉంది. డాక్టరును ప్రశ్నించినందుకు మాకు దొరికిన జవాబు ఇది. దీనిలో మొదటి సగం వినడానికి నాన్నకు ఎంత ఇష్టమో, రెండో సగం అంత కష్టం.

బీపీ పెరగడానికి కారణాలు వెతికేటప్పుడు ఆమె అడిగిన ఒక ప్రశ్న మా జిల్లావాళ్లందరికీ పనికొస్తుంది. "నొప్పుల గోలీలు ఏమన్న వాడుతున్నరా?" అని అడిగారు. మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరంలో కీళ్ల నొప్పులు లేని ఇల్లు అరుదు. ఊరి ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది, ఇంట్లో ఎసిక్లోఫెనాక్ గోలీలు ఉప్పూ చింతపండులా ఉంటాయి. ఏళ్లపాటు క్లచ్ తొక్కిన మోకాలి కోసం నాన్న కూడా అవి మింగుతూనే ఉన్నారు. ఈ రకం గోలీలు ఒంట్లో ఉప్పును, నీటిని నిలిపి బీపీని పెంచుతాయి, మూత్రపిండాలను కూడా దెబ్బతీస్తాయి. జలుబుకు వాడే కొన్ని గోలీలు కూడా బీపీని పెంచేవే. ఫిజీషియన్ అడగవలసిన ఈ ప్రశ్నను మత్తు డాక్టరు అడగవలసి వచ్చింది. కేస్ షీట్‌లో "వాడుతున్న మందులు" అన్న గడిలో నర్సు "నిల్" అని రాసి ఉంది, ఎందుకంటే మన దగ్గర నొప్పి గోలీని ఎవరూ మందు కింద లెక్కపెట్టరు.

ఇప్పటికే బీపీ మందు వాడుతున్నవారికి ఆపరేషన్ రోజు సంగతి వేరుగా ఉంటుంది. ఆమ్లోడిపిన్ వంటివి ఆ పొద్దున కూడా ఒక గుక్క నీళ్లతో వేసుకొమ్మంటారు. అటెనలాల్, మెటోప్రొలాల్ రకం మందులు రోజూ వాడేవారు హఠాత్తుగా ఆపకూడదు. ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ రకాలను మాత్రం మత్తులో బీపీ మరీ పడిపోతుందని చాలాచోట్ల 24 గంటల ముందు ఆపిస్తారు. "పరగడుపున రండి" అన్న మాటకు అన్ని గోలీలూ మానేసి వచ్చేవారిని ఆ వరుసలోనే చూశాను. ఏది వేసుకోవాలో, ఏది మానాలో చీటీ మీద రాసిచ్చే పద్ధతి ఈ ఆసుపత్రిలో లేదు. అడిగితేనే చెబుతారు.

ఆపరేషన్ అనుకున్న తేదీకే జరిగింది. మత్తు ఇచ్చిన తరువాత బీపీ కొంచెం దిగితే సెలైన్‌తో, మందుతో సర్దారట. మరునాడు ఇంటికి పంపించారు. కుట్లు చూపించడానికి వెళ్లినప్పుడు ఇంటి అంకెల కాగితం అదే ఫిజీషియన్‌కు ఇచ్చాం. ఈసారి ఆయన కాగితమంతా చదివి, ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రాశారు. నొప్పి గోలీలు ఆపించారు, పచ్చళ్లు తగ్గించమన్నారు. ఆయనపై నాకు కోపం లేదు. రోజుకు అంతమందిని చూసే మనిషి నర్సు రాసిన అంకెను నమ్మకపోతే పని సాగదు. అందుకే ఆ అంకెను తెచ్చే చోట జాగ్రత్త ఉండాలంటున్నాను. పైగా ఆయన జాగ్రత్త ఎక్కువై ఆపారే తప్ప, నిర్లక్ష్యంతో పంపేయలేదు. సరిగ్గా కూర్చోబెట్టి మళ్లీ మళ్లీ చూసినా 180/110 దాటుతుంటే, ప్రాణాపాయం లేని ఆపరేషన్‌ను వాయిదా వేయడమే మంచిది. అప్పుడు డాక్టరుతో వాదించడానికి ఏమీ ఉండదు. అంత బీపీతో పాటు ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం ఉంటే ఆపరేషన్ మాట పక్కనపెట్టి అప్పటికప్పుడు అత్యవసర వైద్యం చేయించాలి.

ఈ ఆసుపత్రిలో ఆపరేషన్‌కు వెళ్లేవారు ఊళ్లోని సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎం చూసిన పాత బీపీ అంకెలు ఏవైనా ఉంటే ఆ పుస్తకం వెంట తీసుకెళ్లండి. మా దగ్గర అలాంటి కాగితం ఒక్కటి ఉన్నా ఆ పూట ఇంత తిరుగుడు ఉండేది కాదు. అల్ట్రాసౌండ్ ఉంటే అది పూర్తయ్యాకనే బీపీ చూడమని నర్సును మర్యాదగా అడగండి. మొదట విసుక్కున్నా, అడిగితే వింటారు. మత్తు డాక్టరును ఆపరేషన్ ముందు రోజే కలిసే వీలుందా అని కౌంటర్‌లో తెలుసుకోండి.

మార్కులు వేయమంటే సర్జన్‌కు, మత్తు విభాగానికి అయిదుకు అయిదు, ల్యాబ్‌కు నాలుగు, ఫిట్‌నెస్ ఓపీకి రెండు. మత్తు డాక్టరుకు చూపించుకున్నందుకు వేరే ఓపీ చీటీ రాయించి మళ్లీ రుసుము కట్టించుకున్నారు. ఆపరేషన్ ప్యాకేజీలో అది కలిసే ఉంటుందని ముందు చెప్పి, తరువాత ఇలా చేయడం బాగాలేదు. బిల్లింగ్ కౌంటర్‌లో అడిగితే మేనేజర్‌ను కలవమన్నారు, మేనేజర్ ఆ మొత్తాన్ని చివరి బిల్లులో తగ్గించారు. ఓపీకి పెద్ద పట్టీ ఒకటి కొనాలని, వీపు ఆనే కుర్చీ ఒకటి వేయాలని ఆయనకే రాతపూర్వకంగా ఇచ్చి వచ్చాను. కుట్లు చూపించడానికి వెళ్లిన రోజు చూస్తే కుర్చీ వచ్చింది, పట్టీ ఇంకా రాలేదు.